ఎనిమిది పిడికిళ్ల మట్టి

జూన్ నెలలో బడి తెరిచిన మొదటి రోజున ఎల్కేజీ గదికి ఒక వాసన ఉంటుంది. కొత్త రెగ్జిన్ సంచులు, తలకు దట్టంగా పట్టించిన కొబ్బరినూనె, మెడల మీద చెమటకు ముద్దకట్టిన పౌడరు, బాక్సుల్లో మూతపెట్టిన ఉప్మా, ఏ మూలనో ఒకడు అప్పుడే నిక్కరు తడిపిన సంగతి, అన్నీ కలిసి ఒక్కటై గుమ్మంలోనే ముక్కుకు తగులుతాయి. ఈ ఏడూ తగిలాయి. ముప్ఫై మంది పిల్లలు ఒకేసారి గోల పెడుతుంటే నేను గుమ్మంలో ఒక నిమిషం ఊరికే నిలబడిపోయాను. గుమ్మం పక్క గోడకు మేకు అలాగే ఉంది. నేను వచ్చాక పదకొండేళ్ల పాటు రోజూ పొద్దున్నే నల్ల బురఖా ఒకటి ఆ మేకుకు వేలాడేది. దాన్ని తీసి తగిలించి, చీర కొంగు నడుముకు దోపి, కళ్లజోడు తాడు మెడలో సర్దుకుని సైదాబీ మేడం పక్కనున్న తన గదిలోకి దిగేవారు. ఆమె పోయి ఆరు నెలలయింది.

మీరెవరూ ఆమెను చూసి ఉండరు. నరసరావుపేటలో ఒక ప్రైవేటు స్కూలు, దాని వెనక వైపు రేకుల షెడ్డులాంటి కేజీ బ్లాకు, అందులో పాతికేళ్లకు పైగా ఎల్కేజీ చెప్పిన మనిషి. పొట్టి మనిషి, కాస్త బొద్దుగా ఉండేవారు. మాట మాత్రం మైకు అక్కర్లేని మాట. భర్త మస్తాన్ వలీ గారికి పల్నాడు రోడ్డులో మోటార్లు బాగుచేసే షెడ్డు ఉంది. ఆ షెడ్డులో ఇంజన్ల మోత మధ్య మాట్లాడి మాట్లాడి గొంతు అలా తయారయిందని ఆమే చెప్పి నవ్వేవారు. ఆమె గురించి ఎవరూ ఎక్కడా రాయలేదు. రాసేంత గొప్ప పని ఆమె చేసిందని ఎవరూ అనుకోలేదు. నేను అనుకుంటున్నాను కాబట్టి రాస్తున్నాను.

నేను లెక్కలు చదివినవాణ్ని. మాది నాదెండ్ల దగ్గర పల్లెటూరు, ఇంటిల్లిపాదీ మిరపతోటలోనే. బీఈడీ చేసి, సర్కారు ఉద్యోగానికి పరీక్ష ఎప్పుడు పెడతారా అని ఎదురుచూసి చూసి విసిగి, ఈ స్కూల్లో లెక్కల మాస్టారి పని అడగడానికి వచ్చాను. కరెస్పాండెంటు గారు సర్టిఫికెట్లన్నీ తిరగేసి, హైస్కూల్లో ఖాళీ లేదనీ, ఎల్కేజీలో ఒక మేడం కాన్పుకు వెళ్లారనీ, మూడు నెలలు చూస్తావా అనీ అడిగారు. మూడు నెలలే కదా అని తలూపాను. కేజీ బ్లాకులో అప్పటికి ఆయాతో సహా తొమ్మిది మంది ఆడవాళ్లు. పదో మనిషిని నేను.

మొదటి రోజు నా నిర్వాకం చెప్పాలి. ముప్ఫై మంది ఏడుస్తున్నారు. నేను గది మధ్యలో నిటారుగా నిలబడి, హైస్కూలు గొంతుతో "సైలెన్స్!" అని అరిచాను. అప్పటిదాకా ఏడవని ఇద్దరు కూడా ఏడుపు మొదలుపెట్టారు. పక్క గదిలోంచి సైదాబీ మేడం వచ్చి నన్ను కిందికీ మీదికీ చూశారు.

"ఎవరయ్యా నువ్వు, మాస్టారివా పోలీసువా? ముందు కూచో."

నేను కుర్చీ కోసం వెతికాను.

"కుర్చీలో గాదు. కింద, గొంతుక్కూచో. ఆ పిల్లోడి కళ్లకు నువ్వెట్టా కనపడతన్నావో ఎప్పుడన్నా చూశావా? రెండు మోకాళ్లు, ఒక బెల్టు. బెల్టును చూసి ఎవరన్నా నవ్వుతారా?"

కూర్చున్నాను. ప్యాంటు మోకాళ్ల దగ్గర బిగుసుకుపోయింది. నా ముక్కుకు సరిగ్గా ఎదురుగా ఒక చీమిడి ముక్కు వచ్చింది. వాడు ఏడుపు ఆపి నా మీసం వైపు చూశాడు, తర్వాత చెయ్యి చాపి పట్టుకుని లాగాడు. సైదాబీ మేడం పకపకా నవ్వారు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఒకటి గుర్తుపెట్టుకో అబ్బాయ్. కిందున్నోళ్లతో పైనుంచి మాట్టాడగాకు. పెద్దోళ్లయినా సరే, పిల్లలయినా సరే" అన్నారు. ఆమె నాకు నేర్పిన మొదటి పాఠం అది. తర్వాత ఎన్నో నేర్పారు. రవ్వ పోసిన పళ్లెంలో వేలితో అక్షరం దిద్దించడం, ఏడ్చే పిల్లాడికి ఏదో ఒక పని అప్పజెప్పడం, గది తలుపులూ కిటికీలూ ఎప్పుడూ బార్లా తెరిచి ఉంచడం, బాత్రూముకు ఆయా మరియమ్మ తప్ప ఇంకెవరూ తీసుకెళ్లకపోవడం. ఆ చివరి రెండూ ముఖ్యంగా నా కోసం చెప్పారు. నా మొహం చిన్నబోతే, "ఆడపిల్లల తల్లి భయపడితే అది తప్పు గాదు. ఆమెకు భయం లేకుండా చెయ్యటం నీ పని" అన్నారు. అది నిజమే.

కాన్పుకు వెళ్లిన మేడం తిరిగి రాలేదు. మూడు నెలలు ఏడాదయింది. హైస్కూల్లో ఎప్పుడు ఖాళీ వస్తుందా అని అడగడం నేను ఎప్పుడు మానేశానో నాకే తెలియదు. ఒక పిల్ల మొదటిసారి తన పేరు తను రాసుకుని ఆ పలకను ఇంటి దాకా ఎత్తిపట్టుకుని నడిచిన రోజున అనుకుంటాను. ఆ పని నాకు నచ్చింది. కాని నచ్చిందని బయట చెప్పే ధైర్యం లేదు. ఊళ్లో అడిగితే "హైస్కూల్లో లెక్కలు" అనేవాణ్ని. బస్టాండు దగ్గర టీ బంకులో మా బ్యాచి కలిసేది. చిన్నప్పటి నుంచీ కలిసి తిరిగినవాళ్లం, ఏటా శివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్లకు ఎత్తైన వెదురు ప్రభ కట్టినవాళ్లం. వాళ్లతో కూడా అదే చెప్పాను. ఒక అబద్ధాన్ని రోజూ ఇస్త్రీ చేసి తొడుక్కుని తిరిగాను.

అది వినుకొండలో చిరిగింది. పెళ్లిచూపులకు వెళ్లాం. నేను, అమ్మ, మధ్యవర్తి. అమ్మాయి తండ్రి మర్యాదస్థుడు. హైస్కూల్లో లెక్కల మాస్టారన్న మాటకు సంతోషించి, తనకు లెక్కలంటే ఎంత భయమో చెబుతున్నాడు. స్వీట్ల పళ్లెం వచ్చింది. అంతలో పెరట్లోంచి ఒక నాలుగేళ్ల పిల్ల పరుగెత్తుకొచ్చి గుమ్మంలో ఆగి, కళ్లు ఇంత చేసి అరిచింది.

"మా మేడం! మా మేడం వచ్చాడు!"

అమ్మాయి అన్నగారి కూతురు. వాళ్లు ఉండేది నరసరావుపేటలోనే, ఆ పిల్ల నా క్లాసే. కేజీ పిల్లలకు టీచరంటే మేడమే. వాళ్లు పుట్టి బడికొచ్చిన దగ్గర్నుంచీ చూసినవాళ్లందరూ మేడములే కాబట్టి నన్నూ అదే పిలుస్తారు. "సార్ అనాలమ్మా" అని రోజుకు పదిసార్లు దిద్దేవాణ్ని. సైదాబీ మేడం విని, "ఎందుకయ్యా దిద్దటం? ఆళ్లకు తెలిసిన మర్యాద అదొక్కటే, అది నీకు ఇస్తన్నారు" అనేవారు. ఆ మర్యాద ఇప్పుడు నట్టింట్లో నా ఒళ్లోకి ఎక్కి కూర్చుని, "మా మేడం నాకు ముక్కు తుడుస్తాడు" అని అందరికీ చెప్పింది.

"హైస్కూలన్నారు గదండీ?" అన్నాడు అమ్మాయి తండ్రి.

"అదీ ఇదీ చూస్తానండీ" అన్నాను. గదిలో మగవాళ్లందరూ స్వీట్ల పళ్లెం వంక చూశారు.  బస్సు సంతమాగులూరు దాటాక అమ్మ కిటికీలోంచి చూస్తూనే, "ఇట్టా అబద్ధాలాడే బదులు ఆ పనే మానెయ్యకూడదంట్రా" అంది.

రెండు రోజులకు మధ్యవర్తి కబురు తెచ్చాడు. అమ్మాయి తల్లికి ముక్కులు తుడిచే అల్లుడు వద్దట. అమ్మాయి మేనమామకేమో తొమ్మిది మంది ఆడవాళ్ల మధ్య పొద్దస్తమానం ఉండేవాడి మీద నమ్మకం లేదట. ఇప్పటికీ ఆ రెండు మాటలూ తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఒకావిడకు నేను సగం మగవాణ్ని. ఒకాయనకు నేను మరీ ఎక్కువ మగవాణ్ని. ఒక్క ఇంట్లో కూర్చుని ఒక్కపూటలో రెండూ ఎలా అనుకోగలిగారు? ముందు వాళ్లలో వాళ్లు తేల్చుకుని తర్వాత నాకు చెప్పి ఉండాల్సింది. అప్పుడు మాత్రం అలా అనిపించలేదు. తల ఎత్తుకోలేకపోయాను.

కబురు టీ బంకుకు నాకంటే ముందే చేరింది. ఆ రోజు నుంచీ నా పేరు మేడం. మా బ్యాచిలో శ్రీను నాకు బాగా దగ్గరివాడు, స్కూటర్ల సామాన్ల కొట్టు నడుపుతాడు. వాడే మొదలుపెట్టాడు. "ఒరేయ్, మేడం గారికి చక్కెర తక్కువేసి ఒక టీ! నిలబడే ఉన్నారు, కుర్చీ వెయ్యండ్రా!" అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వితే అయిపోతుందనుకున్నాను. అవలేదు. ఫోన్లో గ్రూపులో నా పేరు మార్చారు. నాగార్జునసాగర్ వెళ్దామని అనుకున్నవాళ్లు నాకు చెప్పకుండా వెళ్లొచ్చారు. ఎందుకురా అని అడిగితే శ్రీను, "ఆడోళ్లతో ఉండుండి నువ్వు చానా మారావురా, మా మాటలు నీకు సరిపోవు" అన్నాడు. ఆ శివరాత్రికి ప్రభ కట్టే పనికి నాకు ఫోను రాలేదు. ప్రభ ఊళ్లోంచి కదులుతుంటే అది ఒరిగిపోకుండా కట్టిన మోకు పట్టడానికి నేనే వెళ్లాను. నా చోట ఇంకెవరో ఉన్నారు. పక్కకు జరగమని ఎవరూ అనలేదు, రమ్మని కూడా అనలేదు. పదేళ్లుగా నా అరచేతులు కాయలు కాసిన మోకు అది. దాని వెనకే కాసేపు నడిచి ఇంటికి వచ్చేశాను.

మర్నాడు మధ్యాహ్నం అన్నాల వేళ సైదాబీ మేడానికి అంతా చెప్పేశాను. చెబుతూ చెబుతూ వినుకొండలో ఆడిన అబద్ధం కూడా చెప్పాను. ఓదారుస్తారనుకున్నాను. ఆమె అన్నం కలుపుతున్న చెయ్యి ఆపారు.

"పెళ్లి తప్పిందా? తప్పనీ. ఫ్రెండ్సు పోయారా? ఆళ్లను నేనేం అనను, ఆళ్ల సంగతి అల్లాకెరుక. నువ్వు చెప్పు. మా పని చేస్తన్నానని చెప్పటానికి సిగ్గుపడేవోడివి, ఇన్నాళ్లూ మా బాక్సుల్లో కూరలు ఎట్టా తిన్నావయ్యా?"

 మా మధ్యాహ్న భోజనాల సంగతి మీకు చెప్పలేదు. నేను వచ్చిన కొత్తల్లో, నేను గదిలోకి రాగానే వాళ్ల మాటలు ఆగిపోయేవి. ఒక మూల కూర్చుని నా బాక్సు నేను తిని లేచిపోయేవాణ్ని. రెండో వారంలో సైదాబీ మేడం నా బాక్సు లాక్కుని మధ్యలో పెట్టి, "వీడొచ్చాడని మాట ఆపితే వీడికి మన మాట ఎప్పుడొస్తదే? కానియ్యండి" అని మిగతావాళ్ల మీద కేకలేశారు. ఆ రోజు నుంచీ పద్మజ మేడం గోంగూర, మరియమ్మ ఎండుచేపల కూర, అరుణ మేడం పెరుగు, అన్నీ నా అన్నంలోకి వచ్చేవి. అత్తల సంగతులూ, అద్దె ఇళ్ల సంగతులూ, జీతాలు సరిపోక పడే పాట్లూ నా ముందే చెప్పుకునేవారు. అంత కూడు తిని, వాళ్ల పనిని నేను బయట దాచిపెట్టాను. ఆ పని మగవాడికి నామోషీ అని పదిమందీ అనడానికి ముందే నేను ఒప్పుకున్నాను. శ్రీను నన్ను మేడం అని వెక్కిరించినప్పుడు, ఆ మాటలో వెక్కిరింపు ఉందని నేనూ నమ్మాను కాబట్టే నొప్పి పుట్టింది.  "తప్పయింది మేడం" అన్నాను.

"నాకు గాదు. తిను" అన్నారు, నా వైపు పప్పు గిన్నె తోస్తూ.

తర్వాతి వారం పద్మజ మేడం సీమంతం. నాకు సీమంతాలకు పిలుపు ఉండేది కాదు. ఉన్నా మగవాళ్లతో పాటు వరండాలో కుర్చీలో కూర్చుని, కాఫీ తాగి, పేపరు చదివి వచ్చేయాలి. ఆ రోజు రెండు ఆటోల్లో బయల్దేరాం. పద్మజ మేడం వాళ్ల వరండాలో వాళ్లాయన స్నేహితులు కూర్చుని ఉన్నారు. అందులో శ్రీను ఉన్నాడు. నన్ను చూసి పక్క కుర్చీ చూపించాడు. నేను అటు అడుగు వెయ్యబోతే సైదాబీ మేడం గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగారు.

"ఏందయ్యా అక్కడ ఆగిపోయావ్? నువ్వు ఈళ్ల చుట్టానివా, మా స్టాఫువా?"

"స్టాఫే మేడం."

"స్టాఫంతా లోపలే."

లోపలికి వెళ్లాను. నలభై మంది ఆడవాళ్లు, పూల వాసన, గాజుల చప్పుడు. చాప మీద ఒక అంచున ముడుచుకుని కూర్చున్నాను. పద్మజ మేడం అత్తగారు పళ్లెంతో వరసగా తాంబూలాలు ఇస్తూ వచ్చింది. సైదాబీ మేడానికి బొట్టు పెట్టకుండా పూలూ గాజులూ ఇచ్చింది, అది మా వైపు మామూలే. నా దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. పళ్లెంలో స్కూలు వాళ్లకని లెక్కపెట్టి ఉంచిన జాకెట్టు ముక్కల్లో ఇంకొకటి మిగిలింది. ఆవిడ నన్ను చూసింది, దాన్ని చూసింది, మళ్లీ నన్ను చూసింది. ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దావిడ అనుమానం తీరక, "సారుకి కూడానా?" అంది.

"ఇయ్యండమ్మా. మా మనిషే" అన్నారు సైదాబీ మేడం.

ముదురు పసుపు రంగు జాకెట్టు ముక్క, గంజి వాసన, మీద రెండు తమలపాకులు, వక్క, అరటిపండు. రెండు చేతులూ చాపి తీసుకున్నాను. బయటికి వచ్చేటప్పుడు దాన్ని సంచిలో దాచుకుందామని చెయ్యి వెళ్లింది. సైదాబీ మేడం చూస్తున్నారు.  నేను సంచి మూసేసి, తాంబూలం చేతిలోనే పట్టుకుని వరండాలోంచి నడిచాను. శ్రీను ఊరుకుంటాడా.

"ఏంరా మేడం, జాకెట్టు కుట్టించుకుంటావా?"

అందరూ నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. నేను ఆగాను. ఈసారి నవ్వలేదు.

"కుట్టించుకుంటాన్రా. ఏమన్నా అభ్యంతరమా?"

 అభ్యంతరం ఏమిటో వాడికి చప్పున తట్టలేదు. ఆటోలో మరియమ్మ నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని ఇంటిదాకా నవ్వింది. ఆ ముక్కతోనే మా గదిలో బొంత మొదలయింది. ఆ తర్వాత ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు, బారసాలలు, ఏ ఇంట్లో పేరంటం జరిగినా నా వాటా జాకెట్టు ముక్క నాకు వచ్చేది. సైదాబీ మేడం ఇంట్లో కుట్టుమిషను మీద అవన్నీ అతికి కుట్టి, లోపల పాత చీరలు పెట్టి బొంతలు చేశారు. మధ్యాహ్నం మా పిల్లలు వాటి మీదే పడుకుంటారు. పసుపు ముక్క మీద పడుకోవడానికి రోజూ పోట్లాట.

ఇదంతా చదివి, ఆ తర్వాత నా బతుకు హాయిగా గడిచిందని అనుకోకండి. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. నా స్నేహితులు నాకు తిరిగి రాలేదు. మగవాళ్ల మధ్య నా కుర్చీ ఖాళీ అయింది. ఆడవాళ్ల మధ్య దొరికిన చోటుకు స్కూలు గేటే హద్దు. సాయంత్రం నాలుగున్నరకు గేటు దాటాక, పగలంతా నవ్వుతూ మాట్లాడిన అరుణ మేడం రోడ్డు మీద ఎదురుపడితే తలవంచుకుని వెళ్లిపోవాలి. నేనూ పక్కకు తిరగాలి. ఆరు దాటితే ఎవరికీ ఫోను చెయ్యకూడదు. పనిమీద చేసినా అవతల ముందు భర్త "ఎవరూ?" అంటాడు. ఆదివారాలు నాకు చాలా పెద్దవిగా ఉండేవి. ఒక్కణ్నే బండి మీద కోటప్పకొండ దాకా వెళ్లి, మెట్ల మీద కూర్చుని వచ్చేవాణ్ని. ఇది పోగొట్టుకున్నదే, పోలేదని నేను అబద్ధం చెప్పను. కాని దాన్ని నా దగ్గర్నుంచి తీసుకున్నది నా పని కాదు. ముక్కు తుడవడం తక్కువ పని అని ఎవరు అనుకున్నారో వాళ్లు తీసుకున్నారు. వాళ్ల ముక్కులు కూడా ఒకప్పుడు ఎవరో ఒకరు తుడిచే ఉంటారు.

పెళ్లి కూడా అయింది, ఆలస్యంగా. ఈసారి పెళ్లిచూపుల్లో కూర్చోగానే, అడగకముందే, "ఎల్కేజీ చెబుతానండీ" అన్నాను. సుజాత తల ఎత్తి, "అయితే పిల్లల్ని నిద్రపుచ్చటం వచ్చన్నమాట" అంది. వచ్చు అన్నాను. ఒప్పుకుంది. సైదాబీ మేడం పెళ్లికి ఎనిమిది మందినీ వెంటేసుకుని వచ్చి, మగపెళ్లివారి వైపు ముందు వరసలో కూర్చున్నారు.

మూడేళ్ల క్రితం హైస్కూల్లో లెక్కల పోస్టు ఖాళీ అయింది. కరెస్పాండెంటు గారు పిలిచి, "ఇన్నాళ్లకు నీకు తగ్గ పని వచ్చింది" అన్నారు. ఆలోచించుకుంటానని వచ్చి సైదాబీ మేడంతో చెప్పాను. ఆమె పలకలు తుడుస్తున్నారు.

"లెక్కలంటే ఇష్టమయి పోతే పో, నేనే స్వీట్లు పంచుతా. ఆళ్లు నవ్వుతారని పోతే మాత్రం నా మొహం చూడగాకు."

నేను వెళ్లలేదు. ఇష్టం లేక కాదు, లెక్కలంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. అక్షరాలు దిద్దించడం అంతకంటే ఇష్టం. తగిన పని అని ఆయన అన్న మాటకు మాత్రం, నాకు తగిన పని ఎనిమిదేళ్ల నుంచీ చేస్తూనే ఉన్నానండీ అని చెప్పి వచ్చాను.

డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున పద్మజ మేడం నుంచి ఫోను వచ్చింది. ముందు ఏడుపు వినపడింది. సైదాబీ మేడానికి షుగరు ఉండేది, గుండె కూడా కొంత ఇబ్బంది పెట్టేది, కాని శనివారం సాయంత్రం దాకా పిల్లలతోనే ఉన్నారు. తెల్లవారుజామున నిద్రలోనే పోయారట. నేను వెళ్లేసరికి మా ఎనిమిది మందీ లోపల ఆమె దగ్గర ఉన్నారు. నేను మగవాళ్లతో బయట నిలబడ్డాను. లోపలికి రమ్మని గుమ్మంలో ఆగి పిలవడానికి ఆమె లేరు. స్నానం చేయించి, తెల్లబట్ట చుట్టి, జనాజా మీద పడుకోబెట్టి బయటికి తెచ్చారు. అప్పుడు మా వాళ్లందరూ గుమ్మం దగ్గర ఆగిపోయారు. ఖబరస్తాన్‌కు ఆడవాళ్లు వెళ్లరు. ఆ మాటకొస్తే మా ఊళ్లో మావాళ్లలోనూ ఆడవాళ్లు శ్మశానానికి రారు. పాతికేళ్లు ఆమె పక్కన కూర్చుని అన్నం తిన్న మరియమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. వీధిలో నన్ను చూసి చెప్పులు లేకుండా దిగి వచ్చింది.

"సారూ, మాకు లేదు గదా అక్కడికి. మా అందరి బదులూ నువ్వే మన్నెయ్యి."

సరేనన్నాను. వెళ్లి భుజం ఇచ్చాను. బరువు పెద్దగా లేదు. పల్నాడు రోడ్డు మీదుగా వెళ్తుంటే కొట్ల వాళ్లు లేచి నిలబడ్డారు. శ్రీను కూడా తన కొట్టు మెట్లు దిగి నిలబడ్డాడు. ఖబరస్తాన్‌లో నమాజు జరుగుతున్నంతసేపూ ఒక పక్కన ఉన్నాను. తర్వాత ఆమెను దించి, పైన పలకలు పేర్చి, ఒక్కొక్కరే వచ్చి మూడేసి పిడికిళ్ల మట్టి వెయ్యడం మొదలుపెట్టారు. నా వంతు వచ్చేటప్పుడు ఒక పెద్దాయన నా వైపు తిరిగాడు.

"నువ్వెవరబ్బాయ్? మస్తాన్ వలీ తరఫా?"

"సైదాబీ మేడం స్టాఫునండీ."

"ఓహో. హైస్కూల్లో మాస్టారివా?"

పదేళ్ల కిందటి అబద్ధం దానంతటదే నడిచి వచ్చి నా చేతికి అందింది. చుట్టూ యాభై మంది మగవాళ్లున్నారు.

"కాదండీ. ఎల్కేజీ. ఆమె కింద పదకొండేళ్లుగా ఎల్కేజీ మేడాన్ని."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా నాకు ఒకటే. ముందుకు వెళ్లాను. అందరూ వంగి మట్టి వేస్తున్నారు. నాకు అలా చేతకాలేదు. ఆమె కింద ఉన్నారు, నేను పైన ఉన్నాను. గొంతుక్కూర్చున్నాను. నావి మూడు పిడికిళ్లు వేశాను. తర్వాత ఇంకొక పిడికిలి తీసి, "ఇది మరియమ్మది మేడం" అన్నాను. గట్టిగానే అన్నాను. "ఇది పద్మజ మేడంది. ఇది అరుణ మేడంది." వెనక ఎవరో, "మూడే బాబూ, ఇంకెన్ని" అన్నారు.

"ఇవి నావి కావండీ. ఇంటి దగ్గర ఆగిపోయినవాళ్లవి."

"వెయ్యనీ" అన్నారు మస్తాన్ వలీ గారు. ఆయన గొంతు ఆ రోజంతటిలో అప్పుడే విన్నాను.

ఎనిమిది పిడికిళ్లు, ఎనిమిది పేర్లు. ఒక్క పేరూ మింగలేదు. పదకొండేళ్లుగా తొమ్మిది మంది ఆడవాళ్ల మధ్య నువ్వేం చేస్తున్నావని నన్ను అడిగినవాళ్లందరికీ నా జవాబు అదే. తిరిగి వచ్చేసరికి మావాళ్లు ఇంకా గుమ్మంలోనే ఉన్నారు.  మట్టి అంటిన అరచేతులు చూపించాను. మరియమ్మ ఆ చేతుల్ని తన రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఈ జూన్‌లో, ఆ వాసన మధ్య గుమ్మంలో నిలబడి ఇవన్నీ తలుచుకుంటూ ఉండగా ఎవరో నా ప్యాంటు పట్టుకుని లాగారు. కొత్త పిల్లాడు. ముక్కు కారుతోంది, కళ్లు కారుతున్నాయి, ఒక కాలికి బూటు లేదు. నా మోకాళ్ల వైపూ బెల్టు వైపూ చూసి, ఇంకా పైకి చూడటానికి మెడ సాగదీసి, వెక్కుతూ పిలిచాడు.

"మేడం!"

"ఆఁ, చెప్పు నాన్నా" అన్నాను, వాడి ముందు గొంతుక్కూర్చుంటూ.